భూమ్యాకర్షణ బతికే ఉన్నట్టు ధ్రువపత్రం

ఆన్‌లైన్లో 'ఎందుకంటే' అని ఒక బృందం ఉండేది. అంటే ఇప్పుడూ ఉంది, కాకపోతే మధ్యలో ఆరు నెలలు ఉందో లేదో ఎవరికీ తెలియలేదు. ఆ ఆరు నెలల సంగతే ఇది. తెలుగు వచ్చిన వాళ్ళెవరైనా అందులో చేరి, సైన్సులో తమకు తోచిన సందేహం అడగొచ్చు. తెలిసినవాళ్ళు చెబుతారు. దరఖాస్తు లేదు, రుసుము లేదు, సంతకం లేదు. ఇంత సుఖమైన ఏర్పాటుని లోకం ఎన్నాళ్ళు చూస్తూ ఊరుకుంటుంది చెప్పండి!

చెప్పేవాళ్ళలో ముఖ్యురాలు అనకాపల్లి దమయంతి టీచరు. పగలంతా హైస్కూల్లో సైన్సు చెప్పి, ఇంటికొచ్చి, గ్లాసుడు టీ పెట్టుకుని ఫోను ముందు కూర్చునేది. ఆకాశం నీలంగా ఎందుకుంటుందని అప్పటికి ఆవిడని రెండువందల పద్నాలుగు మంది అడిగారు. ప్రతిసారీ ఆవిడ ముందుగా ఒకటే ఎదురు ప్రశ్న వేసేది: "మీరు ఎక్కడ నుంచుని చూశారు?" మేడమీదనుంచి అని ఒకరు, చేలోంచి అని ఒకరు, ఆస్పత్రి కిటికీలోంచి అని ఒకరు. ఎవరు ఎక్కడుంటే అక్కణ్ణించే మొదలుపెట్టి చెప్పేది. అడిగినవాళ్ళు మళ్ళీ వచ్చేవారు, ఇంకోటి అడిగేవారు. అదే ఆవిడకి సరదా.

ఇది చూసి వటపత్రశాయి గారికి కడుపు తరుక్కుపోయింది.

వటపత్రశాయి గారు ఒక పెద్ద ఆఫీసులో, పేరెందుకు లెండి, ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరయ్యారు. ఆయనదీ అనకాపల్లే, దమయంతి టీచరుకి రెండు వీధుల అవతల ఇల్లు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజుకి నలభైమంది ఆయన బల్లముందు నుంచుని "అయ్యా, నా ఫైలు ఎక్కడుంది?" అని అడిగేవారు. రిటైరైన మర్నాటినుంచి ఆయన్ని ఎవ్వరూ ఏమీ అడగలేదు. ఇంట్లో భార్య శేషారత్నం గారు కూడా కూర ఏం చెయ్యమంటారని అడగడం మానేసి, చేసింది వడ్డించేస్తున్నారు. అలాంటి పరిస్థితిలో ఆయన ఈ బృందంలో చేరి, ఒకే ప్రశ్నకి రెండువందల పద్నాలుగుసార్లు జవాబు చెప్పడం కళ్ళారా చూశారు.

"ఇది విజ్ఞానం కాదండీ, దుబారా!" అని బృందం నిర్వాహకులకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. నిర్వాహకులు ముగ్గురూ ఉద్యోగాల్లో ఊపిరాడని కుర్రాళ్ళు. ఎవరో పెద్దాయన పని చేస్తానంటున్నాడు కదా అని తాళాలన్నీ ఆయన చేతిలో పెట్టి, హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నిజం చెప్పాలంటే మొదట్లో ఆయన మంచిపనే చేశారు. జనం తరచుగా అడిగే ప్రశ్నలు అరవై ఏరి, ఒక్కోదానికి ఒక్కో చక్కని సమాధానం పెట్టి, నంబర్లు వేశారు. అందులో యాభై దమయంతి టీచరు రాసినవే. ఆకాశం నీలం ఒకటో నంబరు, భూమ్యాకర్షణ రెండు, ఇంద్రధనుస్సు పద్దెనిమిది, పిండి ఎందుకు పులుస్తుందన్నది ముప్పై ఒకటి. అరవై సమాధానాలనీ అచ్చు తీయించి, అరవై ఫైళ్ళు కట్టి, హాల్లో ఇనప బీరువాలో పెట్టారు. ఆన్‌లైన్లో ఉన్నవాటికి బీరువా ఎందుకని దమయంతి టీచరు అడిగింది.

"కరెంటు పోతే?" అన్నారాయన. 

తర్వాత మెమోలు మొదలయ్యాయి. ఆయనకు టైపు నిదానం. అందుకని కంప్యూటరు ముందు కూర్చుని పెద్దగా చదివేవారు, అది వినేసి తెరమీద రాసుకునేది. "సమస్త సభ్యులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఒకసారి సమాధానము ఈయబడిన ప్రశ్నకు మరల సమాధానము ఈయరాదు." వారం తిరక్కుండా ఇంకోటి: "సభ్యులు ఒకరికొకరు చాటుగా సందేశములు పంపుకొనుట అనధికార విజ్ఞాన సరఫరాగా పరిగణించబడును." ఆ దెబ్బకి సందేశాల పెట్టె మూతపడింది. ఆ తర్వాత ఎవరేం రాసినా ఆయన అనుమతి ముద్ర పడితేగాని పైకి కనబడకుండా అయింది. దమయంతి టీచరు రాసిన పదకొండు జవాబులు 'పరిశీలనలో ఉన్నది' అన్న మాట కింద ఇప్పటికీ పడున్నాయి.

ఇంతవరకూ ఎక్కడైనా జరిగేదే. అసలు కథ నవంబరులో మొదలైంది.

నవంబరులో పెన్షనుదార్లు తాము బతికే ఉన్నామని బ్యాంకుకెళ్ళి రుజువు చేసుకోవాలి కదా. వటపత్రశాయి గారూ వెళ్ళారు. వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెట్టారు. పట్టలేదు. చూపుడువేలు పెట్టారు. పట్టలేదు. పదివేళ్ళూ అయ్యాయి. కౌంటరులో అమ్మాయి చాలా మర్యాదగా, "మీరు బతికున్నట్టు చూపించట్లేదండీ" అంది. ఇంకొకరైతే నానా యాగీ చేసేవారు. ఆయన మాత్రం కళ్ళు చెమర్చి ఇంటికొచ్చారు.

"ఎదురుగా కూర్చున్నానే శేషూ! మాట్లాడుతున్నాను, దగ్గుతున్నాను. అయినా ఒప్పుకోలేదు. అదీ వ్యవస్థంటే!"

"పెన్షను ఆగిపోయింది కదండీ," అన్నారు శేషారత్నం గారు.

"ఆగితే ఆగింది. మనిషినే ఏడాదికోసారి రుజువు అడుగుతున్నప్పుడు, సమాధానాల్ని గాలికి వదిలేశామే మనం! పోయినేడాది నిజమైంది ఈ ఏడాదీ నిజంగానే ఉందని ఏమిటి హామీ?"

ఆ సాయంత్రమే మెమో వచ్చింది. "అరువది సమాధానములును ప్రతి నవంబరు మాసమందు స్వయముగా హాజరై, తాము ఇప్పటికిని జీవించియున్నట్లు ఇద్దరు సాక్షుల సమక్షమున నిరూపించుకొనవలెను. హాజరు కాని సమాధానములు డిసెంబరు ఒకటవ తేదీనుండి నిలిపివేయబడును."

దమయంతి టీచరు చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఊరుకుంది. పైగా పరీక్ష పేపర్లు దిద్దే రోజులు. ఆ ఊరుకోవడమే ఆవిడ చేసిన తప్పు.

మిగతా సభ్యులు మాత్రం ఊరుకోలేదు. ప్రతి సమాధానానికీ ఎవరో ఒకరు పూచీ పడి, వటపత్రశాయి గారి ఇంటిముందు వరస కట్టారు. భూమ్యాకర్షణ తరఫున యలమంచిలినుంచి ఒక కొబ్బరికాయల వర్తకుడు వచ్చాడు. హాలు మధ్యలో కాయని ఎత్తి వదిలాడు. అది పడింది. గచ్చు పగిలింది.

"పడింది కదండీ," అన్నాడతను.

"ఒక్కసారి పడితే కాకతాళీయం కావచ్చు. మూడు ప్రతుల్లో కావాలి," అన్నారు వటపత్రశాయి గారు.

ఇంకో రెండు కాయలు పడ్డాక భూమ్యాకర్షణ బతికే ఉన్నట్టు ధ్రువపత్రం ఇచ్చారు. శేషారత్నం గారు ఆ వారమంతా కొబ్బరి పచ్చడి చేశారు.

అందరి అదృష్టమూ అలా లేదు. మంచుగడ్డ నీళ్ళమీద ఎందుకు తేలుతుందన్న సమాధానాన్ని ఒకాయన గ్లాసులో పెట్టి తీసుకొచ్చాడు. వరసలో తొమ్మిదో నంబరు వచ్చింది. తన వంతు వచ్చేసరికి పదకొండున్నరయింది.

"అభ్యర్థి ఏరి?" అన్నారు వటపత్రశాయి గారు గ్లాసులోకి తొంగిచూస్తూ.

"ఇందులోనే ఉన్నారండి. ఇందాకటిదాకా కనబడ్డారు."

"గైర్హాజరు," అని రాసి, తర్వాతి వాళ్ళని పిలిచారు.

ఇంద్రధనుస్సు హాల్లోకి రాలేదు కాబట్టి, కదల్లేని వాళ్ళకిచ్చే వెసులుబాటు కింద ఆయనే పెరట్లోకి వెళ్ళారు. సాయంకాలపు ఎండలో శేషారత్నం గారు గొట్టంతో మొక్కలకు నీళ్ళు చిమ్ముతుంటే, ఆ తుంపర్లలో ఏడు రంగులూ చక్కగా కనబడ్డాయి. ఆయన సంతోషించి, చిరునామా రాసుకుందామని నాలుగడుగులు పక్కకి వేశారు. అదీ పక్కకి జరిగింది. ఇటు వేశారు, ఇటు వచ్చింది. "స్థిరనివాసము లేదు. తిరస్కరించడమైనది," అని రాశారు. ఇక ఆకాశం సంగతి. దాని వంతు నవంబరు ఆఖరివారంలో పడింది, సరిగ్గా అప్పుడే తుపాను పట్టుకుంది. ఆరు రోజులు ఆయన డాబామీద గొడుగు వేసుకుని నిలబడ్డా ఆకాశం బూడిదరంగులోనే ఉంది. ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదింటికి గడువు ముగిసింది. ఆకాశం నీలంగా ఉంటుందనడానికి ఆధారం లేకపోయింది.

అరవైలో పదకొండు మిగిలాయి. మిగతావాటి చోట ఒకే వాక్యం: 'ఈ సమాధానము ప్రస్తుతము జీవించి లేదు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము.'

డిసెంబరు మొదటివారంలో ఒక గురువారం సాయంత్రం బృందంలో ఒక ప్రశ్న పడింది. ప్రశ్నలకింకా అడ్డు లేదు, అడ్డంతా జవాబులకే. అడిగిన మనిషి ఫోనులోకి మాట్లాడితే అది రాసిపెట్టిందని చూడగానే తెలుస్తోంది.

"టీచరమ్మా, నాను ఇడ్లీ బండి బంగారమ్మనండి. తునిలో ఉన్నన్నాళ్ళూ పిండి బాగానే పులిసీది. మొన్న కార్తీకమాసంలో కొండమీదకొచ్చి బండెట్టినాను. ఇక్కడ సలి సంపేస్తంది. పిండి నిన్నెలాగుందో ఇయ్యాలా అలాగే ఉంటంది. ఇడ్లీ ఇసిరితే కుక్క కూడా లగెత్తుతంది. ఆదివారం పొద్దున్న కాలేజీ బస్సులు రెండొస్తన్నాయి, నూటిరవై మందికి టిఫినీ నన్నే సెయ్యమన్నారు. మళ్ళీ రాళ్ళే ఎట్టినానంటే ఎదురుగా నూడుల్స్ బండోడికి పోతది బేరమంతా. నాను బండి కట్టేసి దిగిపోవాల. పిండెందుకు పులవట్లేదు తల్లీ?"

అర నిమిషంలో జవాబు దానంతటదే వచ్చింది. 'మీ ప్రశ్న సామాన్యము. సమాధానము సంఖ్య 31. స్థితి: జీవించి లేదు.'

"అయ్యో, ఎప్పుడు పోయింది బాబూ?" అని రాసింది బంగారమ్మ.

 దమయంతి టీచరు టీ పక్కన పెట్టేసి, గబగబా జవాబు టైపు చేసి పంపింది. 'పరిశీలనలో ఉన్నది.' చాటుగా సందేశం పంపుదామంటే ఆ పెట్టె మూసేశారు. ఫోను నంబరు కనబడదు. కొండ అంటే ఏ కొండో, ఎన్ని కొండలు లేవు మన్యంలో! అప్పటికప్పుడు చెప్పులేసుకుని వటపత్రశాయి గారింటికి పరుగెత్తింది.

"బాబాయిగారూ, ఒక మనిషి బతుకు తెరువండీ. నాలుగు ముక్కలు. అనుమతి ఇవ్వండి."

"ముందు సమాధానం బతుకు సంగతి చూద్దామమ్మా. నవంబరులో దీన్నెందుకు హాజరుపరచలేదు?"

"పిండి పులుస్తుందని ప్రపంచంలో ఎవరికి తెలీదండీ!"

"నేను బతికున్నానని బ్యాంకులో ఎవరికి తెలీదు?" అన్నారాయన. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ జాలిగానే ఉందమ్మా దమయంతీ. కానీ ఫారంలో జాలికి గడి లేదు," అన్నారు. అన్నమాట నిజమే, ఆవిడ ఫారం అంతా వెతికింది.

పునరుద్ధరణ దరఖాస్తు ప్రకారం, అప్పుడే రుబ్బిన పిండిని అధికారి ఎదుట సీలు వేయించాలి. మర్నాడు సీలు విప్పి చూసి, పులిసి ఉంటే ధ్రువపత్రం ఇస్తారు. శుక్రవారం దమయంతి టీచరు స్కూలుకి ఒంటిపూట సెలవు పెట్టి, మినప్పప్పు నానబోసి, మెత్తగా రుబ్బి, రవ్వ కలిపి, పెద్ద స్టీలు క్యానులో ముప్పావువంతు పోసి పట్టుకెళ్ళింది. కోపంతో కొంచెం ఎక్కువే రుబ్బింది పాపం. వటపత్రశాయి గారు క్యాను మూతకి గుడ్డ కట్టి, లక్క కరిగించి, నాలుగువైపులా ముద్రలు వేశారు.

"సురక్షితమైన చోట పెడతాను. ఎవరూ వేలు పెట్టకుండా," అని చెప్పి, ఇనప బీరువా తెరిచి, అరవై ఫైళ్ళ పైఅరలో ఆ క్యాను పెట్టి తాళం వేశారు. బీరువాకి ఆనుకునే ఆయన కంప్యూటరు పెట్టె ఉంది. అది పాతది, పొద్దస్తమానూ బుస కొడుతూ కాలిపోతూ ఉంటుంది. ఆ సంగతి దమయంతి టీచరు చూసింది. చూసి, ఒక్క మాట కూడా అనలేదు.

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ వచ్చేసరికి బంగారమ్మ మళ్ళీ రాసింది. "ఎవురన్నా ఉన్నారా? పప్పు నానబోసేసినాను. ఆ ఎనకాల దేవుడే దిక్కు." వటపత్రశాయి గారి కంప్యూటరులో ఆ ప్రశ్నే తెరిచి ఉంది, కింద 'చర్య: సీలు విప్పుట' అని నమోదు చేయడానికి. ఆయన మైకు నొక్కి, గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"పంచనామా. ఈ దినమున ఉదయము తొమ్మిది గంటల పది నిమిషములకు, సాక్షుల సమక్షమున బీరువా తెరువగా..."

తెరిచారు.

క్యాను మూత లేదు. గుడ్డ ఎటుపోయిందో తెలీదు. లక్కముద్రలు నాలుగూ నాలుగు వైపులా ఊడి పడ్డాయి. పిండి క్యానులోంచి లేచి, పైఅర దిగి, ఆకాశాన్ని ముంచి, భూమ్యాకర్షణ మీదుగా కిందికి జారి, ఇంద్రధనుస్సు దాటి, అడుగు అరలో కొత్త మెమోలమీద బుడగలు వేస్తోంది. తలుపు తీసేసరికి ఒక పెద్ద ముద్ద జారి, వటపత్రశాయి గారి పాదాలమీద పడింది.

"సీలు ఎవరు పగలగొట్టారు?" అన్నారాయన.

"అదే పగలగొట్టుకుందండీ," అంది దమయంతి టీచరు.

"అదంటే?"

"సమాధానం."

"సీలు చెదిరితే సాక్ష్యం చెల్లదు! సంజాయిషీ ఇవ్వాలి. మళ్ళీ కొత్తగా దరఖాస్తు..."

అలికిడికి వంటింట్లోంచి శేషారత్నం గారు వచ్చారు. బీరువా చూశారు. మొగుణ్ణి చూశారు. బుగ్గన చెయ్యి పెట్టుకుని అడిగారు. "రామరామ! ఇంత చలికాలంలో మన వంటింట్లో నాలుగు రోజులుంచినా పొంగని పిండి, ఇక్కడెందుకు పొంగిందండీ ఇంతలా?"

ఆవిడ ఆయన్ని ఏదైనా అడిగి మూడేళ్ళయింది.  వటపత్రశాయి గారు ఆపుకోలేకపోయారు.

"వెచ్చగా ఉంది కదే ఇక్కడ! పిండిలో కంటికి కనబడని జీవాలుంటాయి. అవి పిండిని తిని గాలి వదిలితేనే పొంగేది. చలి వేస్తే మనలాగే ముసుగుతన్ని పడుకుంటాయి. చచ్చిపోవు, బద్ధకిస్తాయంతే. ఈ పెట్టె వేడి తగిలిందా, లేచి కూర్చున్నాయి. మా అమ్మ ఏం చేసేది? చలికాలంలో గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బేది. పాత పిండి గరిటెడు కలిపేది. పొయ్యి ఆర్పాక ఆ గట్టుమీద, వేడి తగిలీ తగలకుండా గిన్నె పెట్టి, చుట్టూ రగ్గు కప్పేది, పసిపిల్లకి కప్పినట్టు. పొద్దున్న చూస్తే మూత లేచి ఉండేది. మూత లేచిందర్రా అని మమ్మల్నందర్నీ పిలిచేది!"

దమయంతి టీచరు ఆయన మొహం చూడట్లేదు. తెర చూస్తోంది. మైకు ఆపడం ఆయన మర్చిపోయారు. అక్షరాలు పొల్లుపోకుండా బంగారమ్మ ప్రశ్న కింద వరసగా పరుగెడుతున్నాయి, 'మూత లేచిందర్రా' దాకా. ఆయన పేరుమీద వెళ్ళేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆవిడ పిండి అంటని చిటికెనవేలితో 'పంపు' అన్నచోట నొక్కింది.

"ఏం చేశావమ్మా!" అన్నారాయన.

"నేనేం చెయ్యలేదండీ. సమాధానం మీరే చెప్పారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అనుమతి లేకుండా, ఒకసారి సమాధానం ఈయబడిన ప్రశ్నకి, అదీ జీవించిలేని సంఖ్యమీద! ఎవరికి మెమో ఇవ్వాలో ఆలోచిస్తూండగానే తెరమీద బంగారమ్మ మాట పడింది.

"అయ్యా, అరదమైపోనాది. గోరెచ్చటి నీళ్ళు, పాత పిండి, రగ్గు. మొన్నటేల పోయిందన్నారు, ఇంత సక్కగా మాటాడతంటే పోవడమేటి బాబూ! మీ అమ్మ కడుపు సల్లగుండ."

వటపత్రశాయి గారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, నాలుగోసారి చదివారు. ముప్పై ఆరేళ్ళలో ఆయన చేతిమీదుగా లక్ష ఫైళ్ళు వెళ్ళుంటాయి. ఏ ఫైలూ తిరిగొచ్చి ఆయన తల్లిని దీవించలేదు. తర్వాత తడిసిపోయిన దరఖాస్తు బల్లమీద పరిచి, 'సమాధానము స్వయముగా హాజరైనదా?' అన్న గడిలో 'అయినది, బీరువా నిండా' అని రాసి, సంతకం పెట్టారు. శేషారత్నం గారు చీపురూ చేటా తెచ్చి, ఆ రెండూ ఆయన చేతికే ఇచ్చారు.

ఆదివారం పది గంటలకి బంగారమ్మ ఫొటో పెట్టింది. పళ్ళెం నిండా పొగలు కక్కుతున్న ఇడ్లీలు, ఒక్కొక్కటీ పొంగి ఉన్నాయి. వెనకాల రెండు బస్సులు, చేతుల్లో ప్లేట్లతో పిల్లలు, ఇంకా వెనకాల ఖాళీగా కూర్చున్న నూడుల్స్ బండివాడు. ఫొటో కింద రాసింది: "నూటిరవై మందీ తినేసినారు, బస్సు డ్రైవర్లు రెండోసారి కూడా ఏయించుకున్నారు. ఇప్పుడు కూసింత తీరుబడైంది. తలెత్తి సూస్తే మబ్బు ముక్క నేదు. టీచరమ్మా, ఆకాశమెందుకు ఇంత నీలంగా ఉంటాది?"

రెండువందల పదిహేనోసారి. దమయంతి టీచరు టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను చేతిలోకి తీసుకుంది. 'ఒకటో నంబరు, జీవించి లేదు' అని వచ్చేస్తుందని భయపడుతూ చూస్తూండగా, ఆవిడ కంటే ముందే అక్కడ ఒక వరస పడింది. పంపినవారు వటపత్రశాయి.

"అమ్మా, మీరు ఎక్కడ నుంచుని చూశారు?"

దాని కిందే, ఆఫీసు అలవాటుచొప్పున, ఇన్‌వార్డు నంబరు వేశారు.